పొగమంచు నీటిలో ఏర్పడే కర్బన ఏరోసాల్ కణాల రసాయన సంఘటన

పరిచయం

పంట వ్యర్థాలను, కట్టెలను కాల్చడం వలన కలిగే వాయు కాలుష్యాన్ని సాధారణంగా మంట నుండి నేరుగా వెలువడిన కణాల పరిమాణంతో అంచనా వేస్తారు. అయితే పొగలోని కొన్ని కర్బన వాయువులు తరువాత పొగమంచు, మేఘాల నీటి బిందువులలో కరిగి, రసాయన చర్యలకు లోనై కొత్త కణ పదార్థంగా మారుతాయి. దీనినే జల మాధ్యమంలో ఏర్పడే ద్వితీయ కర్బన ఏరోసాల్ అంటారు. దీనిని లెక్కలోకి తీసుకోకపోతే దహనం వలన కలిగే నష్టం తక్కువగా కనిపిస్తుంది.

ఏర్పడే విధానం

గ్లయాక్సాల్, మిథైల్ గ్లయాక్సాల్ వంటి చిన్న అణువులు పొడి గాలిలో వాయురూపంలో ఉన్నప్పటికీ నీటిలో సులభంగా కరుగుతాయి. బిందువులోని హైడ్రాక్సిల్ రాడికల్ గ్లయాక్సాల్‌ను ఆక్సీకరించగా గ్లయాక్సిలిక్ ఆమ్లం, దాని నుండి ఆక్సాలిక్ ఆమ్లం ఏర్పడతాయి. మిథైల్ గ్లయాక్సాల్ నుండి మొదట పైరువిక్ ఆమ్లం వస్తుంది.

పొగమంచు నీటిలో ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలు అధికంగా ఉంటాయి. కానీ బిందువు ఆరినప్పుడు వీటిలో చాలా భాగం తిరిగి గాలిలో కలుస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం అమ్మోనియాతోను, లోహాలతోను లవణాలుగా మారి కణంలో నిలుస్తుంది. కావున పొగమంచు నీటి సంఘటనను, అది ఆరిన తరువాత మిగిలే కణ సంఘటనను ఒకటిగా భావించరాదు.

వ్యవసాయంతో సంబంధం

లిగ్నిన్ దహనం వలన గ్వయాకాల్, సిరింగాల్ వంటి ఫినాల్ సమ్మేళనాలు వెలువడతాయి. నీటిలో ఇవి ఆక్సీకరణం చెంది, కొంత భాగం జంట అణువులుగా, మరికొంత భాగం వలయం తెగి ఆమ్లాలుగా మారుతుంది. యూరియా, పశువుల ఎరువు నుండి వెలువడే అమ్మోనియా బిందువుల ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది. అమ్మోనియం అయానులతో గ్లయాక్సాల్ చర్య జరిపినప్పుడు ఇమిడజోల్ సమ్మేళనాలు, కాంతిని పీల్చుకొనే గోధుమరంగు పదార్థాలు ఏర్పడతాయి.

పో లోయ పరిశీలన

ఇటలీలోని పో లోయ శీతాకాలపు పొగమంచుకు పేరుపొందిన వ్యవసాయ ప్రాంతం. కట్టెల పొగ నుండి పొగమంచు నీటిలోను, తడి కణాలలోను కర్బన ఏరోసాల్ ఏర్పడడాన్ని అక్కడ నేరుగా గమనించి, 2016లో ఫలితాలను ప్రచురించారు. ఇళ్లలో కట్టెల దహనం వలన ఐరోపాలో ఈ విధంగా ఏడాదికి 1 నుండి 5 లక్షల టన్నుల వరకు, అనగా మొత్తం కర్బన ఏరోసాల్ ఉద్గారాలలో 4–20 శాతానికి సమానమైన పదార్థం ఏర్పడవచ్చని అంచనా వేశారు.

ఈ అంకెలను గంగా మైదానానికి యథాతథంగా అన్వయించరాదు. వరిగడ్డి లిగ్నిన్ నిర్మాణం కట్టె లిగ్నిన్‌ను పూర్తిగా పోలి ఉండదు. పైగా ఉత్తర భారతంలో వరి కొయ్యకాళ్ల దహనం ప్రధానంగా అక్టోబరు, నవంబరులలో జరుగుతుండగా, దట్టమైన పొగమంచు డిసెంబరు, జనవరి నెలలలో ఎక్కువ. ఆ నెలలలో పొయ్యిల నుండి వచ్చే కట్టెల, పిడకల పొగను ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంటుంది.

ముగింపు

పెద్ద బిందువులు నేలకు చేరి కొంత కాలుష్యాన్ని తొలగిస్తాయి. ఆరిపోయిన బిందువులు కొత్త పదార్థాన్ని గాలిలో మిగులుస్తాయి. ఈ రెండింటి నికర ఫలితం తెలియాలంటే పొగమంచుకు ముందు, పొగమంచు సమయంలో, తరువాత నమూనాలు సేకరించి, నీటిలో కరిగే కర్బనాన్ని, ఆక్సాలేటును, ఆక్సిజన్–కార్బన్ నిష్పత్తిని పోల్చాలి. మంట ఆరడంతో కాలుష్యం ఆగదన్న విషయాన్ని విస్తరణ కార్యకర్తలు రైతులకు వివరించి, గడ్డిని నేలలో కలపడం, మల్చింగ్‌గా పరచడం వంటి పద్ధతులను ప్రోత్సహించాలి.