"ఎస్సై గారు పర్లేదన్నారండి"

గత రెండు నెలల్లో బెయిల్ రద్దు నోటీసు పట్టుకుని నా ఆఫీసు మెట్లెక్కినవాళ్లు నలుగురు. ఇద్దరివి హత్యాయత్నం కేసులు, ఒకరిది కొట్లాట, ఒకరిది వరకట్న వేధింపు. ఊళ్లు వేరు, కులాలు వేరు, చదువులు వేరు. "షరతు ఎందుకు తప్పావయ్యా?" అంటే మాత్రం నలుగురిదీ ఒకటే జవాబు: "ఎస్సై గారు పర్లేదన్నారండి."

వీళ్లలో ఆఖరున వచ్చిన కుర్రాడి సంగతి చెప్తాను. పేరూ ఊరూ అనవసరం. పాతికేళ్లు నిండలేదు. పొలం గట్టు దగ్గర గొడవ, అవతలి మనిషి తలకు ఇరవై రెండు కుట్లు. భారతీయ న్యాయ సంహిత 109 సెక్షన్ కింద హత్యాయత్నం కేసు. నలభై ఆరు రోజులు లోపలున్నాక కండిషన్ బెయిల్ వచ్చింది. షరతులు నాలుగే. చార్జిషీటు పడేదాకా ప్రతి ఆదివారం పదింటికీ ఒంటిగంటకూ మధ్య స్టేషన్లో సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఊళ్లో అడుగు పెట్టకూడదు. సాక్షుల జోలికి పోకూడదు. వాయిదాలు తప్పకూడదు. ఆర్డరు తెలుగులో విప్పి చెప్పాను. తలూపాడు. వాళ్లమ్మ కూడా తలూపింది.

తలూపిన ఆ కుర్రాడికి జైలు గేటు దగ్గర ఇరవై బైకులు ఎదురొచ్చాయి. దండలు, టపాకాయలు. కారు పైకప్పులోంచి సగం మనిషి బయటికొచ్చి జనానికి నమస్కారం పెడుతున్న రీలు. వెనకాల ఏదో సినిమా పాట. సంక్రాంతికి మూడు రోజులు ఊళ్లోనే ఉన్నాడు. ఆ ఆదివారం సంతకానికి వెళ్తే, "పండగ పూట ఇక్కడెవరున్నారు? వచ్చే వారం రెండూ కలిపి పెట్టేద్దువు, పో" అన్నాడట కానిస్టేబుల్. వచ్చే వారం ఎస్సై గారికి ఫోన్ చేస్తే "బందోబస్తులో ఉన్నా, పర్లేదులే" అన్నారట. వీడు నిజంగానే పర్లేదనుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. బాధితుడి భార్య ఆ రీలునూ, పండక్కి ఊళ్లో తీసిన ఫొటోలనూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారి దగ్గరకు వెళ్లింది. బెయిల్ రద్దు పిటిషన్ పడింది. దానికి జతచేసిన స్టేషన్ రిపోర్టులో ఇలా ఉంది: "నిందితుడు రెండు ఆదివారాలు హాజరు కాలేదు." రాసింది పర్లేదన్న స్టేషనే. ఆ మాట అన్నారనడానికి నా చేతిలో చీటీ ముక్కైనా లేదు. పావుగంటలో బెయిల్ రద్దయింది.

స్టేషన్ వాళ్ల మీద నాకు కోపం లేకపోలేదు. మనిషి గడప దాకా వస్తే పుస్తకం తీసి సంతకం పెట్టించుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అది చేయరు, పైగా రానట్టు రాస్తారు. కానీ కోర్టు విధించిన షరతును ఒక్క రోజుకైనా సడలించే అధికారం కానిస్టేబుల్‌కు లేదు, ఎస్సైకి లేదు, ఎస్పీకీ లేదు. విధించిన కోర్టుకూ, దాని పైకోర్టుకూ మాత్రమే ఉంది. పాతికేళ్లుగా ఇదే చెబుతున్నాను.

"సినిమా వాళ్లు ఇంతకంటే ఎక్కువే చేస్తారు కదండీ, వాళ్లకేం కాదే" అన్నాడు కుర్రాడి అన్న. ఏమీ కాదని ఎవరు చెప్పారు? కన్నడ హీరో దర్శన్ కేసే చూడండి.

2024 జూన్‌లో చిత్రదుర్గకు చెందిన 33 ఏళ్ల యువకుడి శవం బెంగళూరులో ఒక మురుగు కాలువ పక్కన దొరికింది. దర్శన్ స్నేహితురాలికి అసభ్యకరమైన సందేశాలు పంపాడన్న కోపంతో ఎత్తుకొచ్చి, షెడ్డులో పెట్టి కొట్టి చంపారన్నది పోలీసుల అభియోగం. జూన్ 11న దర్శన్‌ను అరెస్టు చేశారు. మొత్తం నిందితులు 17 మంది. చార్జిషీటు 3,991 పేజీలు. నేరం ఇంకా రుజువు కాలేదు, ఆ మాట మరిచిపోకూడదు. మనకు కావలసింది బెయిల్ కథ.

ఆగస్టులో పరప్పన అగ్రహార జైలు ఆవరణలో కుర్చీ వేసుకుని, చేతిలో సిగరెట్టూ కాఫీ కప్పుతో రౌడీషీటర్ పక్కన దర్శన్ కూర్చున్న ఫొటో బయటికొచ్చింది. ఆయన్ను బళ్లారి జైలుకు మార్చారు. అక్టోబరు 30న వెన్నునొప్పికి శస్త్రచికిత్స కోసమని కర్ణాటక హైకోర్టు ఆరు వారాల మధ్యంతర బెయిల్ ఇచ్చింది. డిసెంబరు 13న పూర్తి బెయిల్ ఇచ్చింది. కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 ఆగస్టు 14న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం దర్శన్‌తో పాటు మొత్తం ఏడుగురి బెయిల్ రద్దు చేసింది. దర్శన్ ఆ రోజే మళ్లీ అరెస్టయ్యారు.

ఆ తీర్పులో మామూలు మనిషికి పనికొచ్చే ముక్కలు మూడు. ఒకటి, పేరున్నవాడికి బెయిల్ సులువు కావడానికి ఆ పేరు కారణం కాకూడదు. పదిమంది చూసి అనుసరించే మనిషి మీద బాధ్యత ఎక్కువే ఉంటుంది గానీ తగ్గదు. రెండు, ఆరోగ్యం బాగోలేదని బయటికొచ్చినవాడు వేడుకల్లో తిరిగితే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మూడు, జైల్లో నిందితుడికి ఫైవ్ స్టార్ మర్యాదలు జరిగాయని తెలిస్తే మొదటి వేటు సూపరింటెండెంట్ మీదే పడుతుందని జస్టిస్ పార్దీవాలా హెచ్చరించారు. తీర్పు ప్రతిని దేశంలోని హైకోర్టులన్నిటికీ, జైలు సూపరింటెండెంట్లందరికీ పంపమన్నారు.

అభిమానులు చూడని సంగతి ఇంకొకటుంది. బెయిల్ మీద ఉన్నన్నాళ్లూ దర్శన్ బెంగళూరు దాటడానికి ఒక పిటిషన్, షూటింగుకు విదేశం వెళ్లడానికి మరో పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకున్నారు. మన హైదరాబాద్‌లోనే చూడండి. సంధ్య థియేటర్ తొక్కిసలాట ఇలాంటి నేరం కాదు, ఆ రెంటికీ పోలిక పెట్టను. షరతు సంగతి వరకే చెప్తాను. ఆ కేసులో అల్లు అర్జున్‌కు 2025 జనవరి 3న నాంపల్లి కోర్టు బెయిల్ ఇస్తూ, ప్రతి ఆదివారం పదింటికీ ఒంటిగంటకూ మధ్య చిక్కడపల్లి స్టేషన్‌కు రమ్మంది. మా కుర్రాడికి పెట్టిన షరతే, అదే వేళ. ఆయన జనవరి 5న వెళ్లి సంతకం పెట్టారు. తర్వాత పిటిషన్ వేసుకుంటే జనవరి 11న కోర్టే ఆ షరతు సడలించింది. స్టేషన్లో ఎవరో పర్లేదన్నారని ఇంట్లో కూర్చోలేదు.

మన కుర్రాళ్లు ఊరేగింపు నేర్చుకుంటున్నారు గానీ పిటిషన్ వేయడం నేర్చుకోవడం లేదు.

ఇక చట్టం ముచ్చట. బెయిల్ రెండు విధాలుగా పోతుంది. ఇచ్చిన ఆర్డరులోనే లోపం ఉంటే, మీరు ఏ తప్పూ చేయకపోయినా పైకోర్టు కొట్టేయవచ్చు. దర్శన్ విషయంలో ముఖ్యంగా జరిగింది అదే. ఆర్డరు బాగానే ఉన్నా తర్వాత మీ నడవడి బాగోకపోతే, సెషన్స్ కోర్టో హైకోర్టో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 483(3) కింద మళ్లీ లోపలికి పంపవచ్చు. నా దగ్గరికొచ్చిన నలుగురిదీ రెండో రకం, అంటే చేజేతులా చేసుకున్నది.

కాబట్టి ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

ఆర్డరు కాపీ లాయరు ఫైల్లో ఉంటే చాలదు, మీ ఇంట్లోనూ ఉండాలి. షరతులు తెలుగులో రాయించుకుని గోడకు అంటించుకోండి.

సంతకానికి వెళ్తే పుస్తకంలో సంతకం పడేదాకా కదలొద్దు. పుస్తకం ఇవ్వకపోతే, "ఫలానా తేదీన, ఫలానా వేళకు వచ్చాను, సంతకం తీసుకోలేదు" అని అదే రోజు స్టేషన్ అధికారికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి. మర్నాడు లాయరు చేత కోర్టులో మెమో వేయించండి. నోటిమాట మీద తిరిగి రావద్దు.

పెళ్లో, చావో, పరీక్షో, ఉద్యోగమో అడ్డొస్తే ముందుగానే సడలింపు పిటిషన్ వేయండి. షరతే మోయలేనంత బరువైతే అదీ కోర్టుకే చెప్పండి. నిందితుడు ఎక్కడున్నాడో దర్యాప్తు అధికారికి ఎప్పటికప్పుడు కనపడేలా గూగుల్ మ్యాప్‌లో పిన్ పెట్టాలన్న షరతును 2024 జులైలో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. కోర్టు వినదని ముందే మీరు తేల్చేయకండి.

రాజీ పేరుతో సాక్షి గడప తొక్కొద్దు. సాక్షిని బెదిరించినా, ఆశపెట్టినా, మాట ఇచ్చినా షరతు తప్పినట్టే. స్వయంగా వెళ్లినా, పెద్దమనిషిని పంపినా తేడా లేదు. పైగా హత్యాయత్నం ఊళ్లో పెద్దలు కూర్చుని మాఫీ చేసుకునే కేసు కాదు.

దెబ్బతిన్నవాళ్లకూ ఒక మాట. నిందితుడు డబ్బున్నవాడనో, పలుకుబడి ఉన్నవాడనో, వాడి వెనక అభిమానులున్నారనో నోరు మూసుకోవద్దు. లఖింపుర్ ఖేరీ కేసులో నిందితుడు అప్పటి కేంద్ర మంత్రి కొడుకు. అయినా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అతని బెయిల్ రద్దు చేసింది. దర్యాప్తు దశ నుంచి ప్రతి అడుగులోనూ బాధితులకు తమ మాట వినిపించుకునే హక్కుందని అప్పుడే స్పష్టం చేసింది. బెయిల్ మీద ఉన్నవాడు వీధిలో తొడగొడితే వీడియో తీయండి. పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ జతచేయండి. ప్రాణభయం ఉంటే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి నాయకత్వంలోని అధికారిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోండి. దీనికి నిందితుడి అంగీకారం అక్కర్లేదు.

మళ్లీ చెప్తున్నాను, విసుగనుకోకండి. షరతు పెట్టింది కోర్టు. సడలించాల్సిందీ కోర్టే. స్టేషన్లో విన్న "పర్లేదు" అనే మాట ఏ రికార్డులోనూ ఉండదు.

ఆ కుర్రాడికి వచ్చే వారం మళ్లీ బెయిల్ పిటిషన్ వేస్తున్నాను. రీలు డిలీట్ చేయించామని వాళ్లమ్మ ధైర్యంగా చెప్పింది. దాని కాపీ పీపీ గారి ఫైల్లో ఉంది.