బొమ్మలు రాకపోయినా యానిమేషన్: ఫోన్‌లో 17 ఫ్రేములతో ఎగిరే బంతి

"యానిమేషన్ నేర్చుకోవాలి, ఏ టాబ్లెట్ కొనమంటావ్?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. ముందు ఏదీ కొనొద్దంటాను. ఉన్న ఫోన్‌లోనే ఫ్లిపాక్లిప్ వేసుకోండి, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ దొరుకుతుంది. లాప్‌టాప్ అయితే పెన్సిల్2డి ఉంది, ఓపెన్ సోర్స్, పూర్తిగా ఫ్రీ. వేలితో ఒక సున్నా గీయగలిగితే ఈ పాఠానికి సరిపోతుంది.

సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు మాత్రం చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. మనమూ యాప్‌లో 12 ఎఫ్‌పీఎస్ పెట్టుకుందాం. దీనికి 120 హెర్ట్జ్ స్క్రీన్ అక్కర్లేదు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ సరిగ్గా 5 రిఫ్రెష్‌లు నిలుస్తుంది, 120లో 10. చూసే కంటికి రెండూ ఒకటే.

తర్వాత ఆనియన్ స్కిన్ ఆన్ చేయండి. ముందు గీసిన ఫ్రేము వెనకాల మసగ్గా కనిపిస్తుంది, దాన్ని చూసుకుంటూ కొత్తది గీస్తాం.

ఇక అసలు విషయం. చాలామంది బంతిని సమాన దూరాల్లో కిందికి దించుతారు. అప్పుడది పడుతున్నట్టు ఉండదు, లిఫ్ట్‌లో దిగుతున్నట్టు ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి: కింద పడే వస్తువు సమాన సమయాల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయి. వాటి మొత్తం 16. కాబట్టి వేరే లేయర్‌లో నేల నుంచి పైకి 16 సమాన గీతలు గీసుకోండి, పని అయ్యాక ఆ లేయర్ దాచేయొచ్చు.

మొదటి ఐదు ఫ్రేముల్లో బంతి ఎత్తు 16, 15, 12, 7, 0. నేలకి తగిలాక అదే లెక్క తిరగబడుతుంది, కాకపోతే ఎత్తు తగ్గుతుంది: 5, 8, 9, 8, 5, 0. ఆ తర్వాత 3, 4, 3, 0. చివరగా 1, 0. మొత్తం 17 బొమ్మలు, దాదాపు 1.4 సెకన్లు. ప్రతి ఫ్రేములో బంతిని పక్కకి మాత్రం సమానంగా జరపండి, ఎందుకంటే అటువైపు దాన్ని లాగే బలం ఏదీ లేదు. ప్లే చేస్తే గెంతులన్నీ చక్కటి వంపుల్లా వస్తాయి.

ఈ బంతి ఎంత ఎత్తు నుంచి పడ్డట్టు అనిపిస్తుంది? మొదటి పతనంలో 4 అడుగులు, అంటే సెకనులో మూడోవంతు. ఆ టైంలో నిజం బంతి సుమారు 54 సెంటీమీటర్లు పడుతుంది. 2 మీటర్ల నుంచి పడ్డట్టు కావాలంటే దాదాపు 8 అడుగులు కావాలి, అప్పుడు ఎత్తుని 64 భాగాలు చేయాలి. ఆఫీసులో బటన్ కదలికకి ఈజ్-ఇన్ అని ఒక్క లైన్ రాసి వదిలేస్తాం. ఆ లైన్ లోపల జరిగేది ఇలాంటి లెక్కే.

నేలకి తగిలిన ఫ్రేములో మాత్రం బంతిని కొంచెం నొక్కండి. ఎత్తు ఎంత తగ్గితే వెడల్పు అంత పెరగాలి, లేకపోతే బంతి చిన్నదైపోయినట్టు ఉంటుంది. దీన్నే స్క్వాష్ అండ్ స్ట్రెచ్ అంటారు. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' పుస్తకంలోని 12 సూత్రాల్లో మొదటిది ఇదే. అస్సలు నొక్కకుండా, ఎగరడం కూడా తగ్గిస్తే అదే సున్నా ఇనప గుండు అయిపోతుంది!

ఇదంతా వచ్చాక స్టైలస్ గురించి ఆలోచించండి. రబ్బరు మొనవి చవకే గానీ గీత ఎక్కడ పడుతుందో కనపడనివ్వవు, నాకైతే వేలే నయం. గట్టిగా నొక్కితే లావు గీత రావాలంటే ప్రెజర్ ఉన్న పెన్ను కావాలి. పేరు చూసి కొనకండి, యాపిల్ పెన్సిల్‌లోనే యూఎస్‌బీ-సీ మోడల్‌కి ప్రెజర్ లేదు.

షేర్ చేసేటప్పుడు ఎంపీ4 ఎంచుకోండి. జిఫ్‌లో 256 రంగులే, పైగా ఫ్రేము టైం సెకనులో వందో వంతుల లెక్కన ఉంటుంది కాబట్టి సరిగ్గా 12 ఎఫ్‌పీఎస్ రాదు, కాస్త అటూఇటూ అవుతుంది.