ల్యాప్‌టాప్ పోయింది... కస్టమర్లకు చెప్పాలా?

ప్రశ్న: బ్రాంప్టన్‌లో చిన్న ట్యాక్స్ ఫైలింగ్ ఆఫీసు నడుపుతున్నాను. కారులోంచి ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లారు. అరవై మంది సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబర్లు, బ్యాంకు వివరాలు అందులోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఉంది కదా, ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోకూడదండీ. పాస్‌వర్డ్ తలుపు గడియ లాంటిది, డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే అన్నీ కనబడతాయి. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే సంగతి వేరు.

ఒంటారియోలో మీలాంటి వ్యాపారాలకు వర్తించేది కెనడా ఫెడరల్ ప్రైవసీ చట్టం పిపెడా. 2018 నవంబర్ 1 నుంచి, ‘గణనీయమైన హాని జరిగే నిజమైన ప్రమాదం’ ఉంటే ప్రైవసీ కమిషనర్‌కూ, బాధితులకూ వీలైనంత త్వరగా తెలియజేయాలి. అరవై మందైనా ఒక్కరైనా అదే రూలు. సిన్, బ్యాంకు నంబర్లు కలిసి పోయాయంటే ఇక ఆలోచించేదేముంది? కమిషనర్ వెబ్‌సైట్‌లో ఫారం ఉంది. కస్టమర్లకు ఏం పోయిందో, వాళ్లేం జాగ్రత్తపడాలో నేరుగా రాయండి. ఆదివారం గుడిలో ఎదురుపడే మనవాళ్లే కాబట్టి మొహమాటం సహజమే, కానీ వేరేవాళ్ల ద్వారా తెలిస్తే మరీ ఇబ్బంది.

హాని లేని చిన్న లీకైనా రికార్డు 24 నెలలు ఉంచాలి. తెలిసీ దాచిపెడితే జరిమానా లక్ష డాలర్ల దాకా పడొచ్చు. క్యూబెక్, ఆల్బర్టాలకు సొంత చట్టాలున్నాయి. అక్కడి కస్టమర్లుంటే లాయరుతో ఓ మాట అనండి.