విత్తు నుండి రూబార్బ్

ఇంగ్లాండు పెరటితోటలలో వసంతాగమనాన్ని ముందుగా తెలిపే మొక్కలలో రూబార్బ్ ఒకటి. చలి పూర్తిగా వీడకముందే ఎర్రని మొగ్గలు నేలను చీల్చుకొని పైకి వస్తాయి. కొన్ని వారాలలో అవి మూరెడు కాడలుగా, ఏనుగు చెవులవంటి ఆకులుగా విస్తరిస్తాయి. కాడలు మిక్కిలి పుల్లన కనుక చక్కెరతో ఉడికించి తింటారు. తినేది ఆకుకాడయే గనుక ఇది శాకమే. అయినను 1947లో అమెరికాలోని సుంకాల న్యాయస్థానం దీనిని పండుగా పరిగణించింది. వంటింటి వాడుక ముందు వృక్షశాస్త్రం ఓడిపోయిందన్నమాట!

మన చుక్కకూర, రూబార్బ్ ఒకే కుటుంబానికి చెందినవి. చుక్కకూర గింజకు వలెనే దీని గింజకును కాగితం వంటి పలుచని రెక్కలుంటాయి. అయితే శీతకాలపు చలి సోకనిదే రూబార్బ్ మరల చక్కగా చిగురించదు. అందుచేత తెలుగునాట మైదానాలలో ఇది ఏళ్ళ తరబడి నిలవడం దుర్లభం. దీని సోదరజాతి ఒకటి హిమాలయాలలో పెరుగుతుంది. మూలికల దుకాణాలలో రేవల్చిని పేరిట లభించేది దాని వేరే.

గింజలను కొన్ని గంటలు నానబెట్టి, వసంతారంభంలో చిన్న కుండీలలో అర అంగుళం లోతున నాటుతారు. రెండు మూడు వారాలలో మొలకలు వస్తాయి. మంచు భయం తొలగిన పిదప, చివికిన పశువుల ఎరువు కలిపిన నేలలో మూడడుగుల ఎడంతో వాటిని నాటాలి. నేల తడి ఆరకూడదు. నీరు నిలిచినా మొదలు కుళ్ళిపోతుంది.

విత్తనపు మొక్కలు తల్లిమొక్కను పోలి ఉంటాయన్న నమ్మకం లేదు. ఒకే పొట్లంలోని గింజల నుండి ఒకటి ఎర్రకాడలతో, మరొకటి ఆకుపచ్చ కాడలతో రావచ్చు. పేరుపొందిన రకాలను పాత మొదళ్ళను చీల్చి నాటడం ఇందువల్లనే. విత్తనంతో ఖర్చు తక్కువ, నిరీక్షణ ఎక్కువ. మొదటి ఏడు ఒక్క కాడనైనా కోయరాదు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళలో నిల్వ చేరితేనే మొక్కకు బలం. రెండవ ఏట కొద్దిగా, మూడవ ఏటి నుండి తృప్తిగా కోసుకోవచ్చు. ఒకసారి కుదురుకొన్న మొక్క పదేళ్ళకు పైగా ఫలసాయమిస్తుంది.

చుక్కకూర ఆకును వండుకొనే అలవాటున్నవారి చేయి సహజంగా ఆకుమీదికే పోతుంది. ఇక్కడ ఆ అలవాటు ప్రమాదకరం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటనులో కూరగాయల కొరత ఏర్పడినప్పుడు, రూబార్బ్ ఆకులను కూడ వండుకొనవచ్చునన్న సలహా ప్రచారమైంది. దానిని పాటించినవారిలో కొందరు విషప్రభావానికి లోనయ్యారు. మరణాలు కూడ సంభవించాయి. ఆకులలో మూత్రపిండాలకు హాని చేసే ఆగ్జాలిక్ ఆమ్లం అధికం. వండినంత మాత్రాన అది నశించదు. చుక్కకూరలోను ఈ ఆమ్లమున్నది. కాని అది తరతరాలుగా మితంగా తింటూ వచ్చిన కూర.

అనుభవజ్ఞులైన తోటమాలులు కాడను కత్తితో కోయరు. మొదట పట్టి, కొద్దిగా మెలితిప్పి లాగుతారు. ఆకును అక్కడే తుంచి ఎరువుగుంతలో వేస్తారు. ఆమ్లం ఆ గుంతలోనే విచ్ఛిన్నమై, ఆకు మరుసటి ఏటికి ఎరువుగా మారుతుంది. వంటింటికి చేరేది కాడ మాత్రమే.