పది సెంట్ల పుస్తకం

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో గ్లెన్‌విల్ అనే ఉన్నత పాఠశాల ఉండేది. 1930 తరువాతి సంవత్సరాలలో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు స్నేహితులు అక్కడ చదువుకునేవారు. ఇద్దరూ 1914లో పుట్టినవారే. ఇద్దరివీ యూరపు నుండి వలస వచ్చిన యూదు కుటుంబాలే. సీగెల్ కథలు అల్లేవాడు, షూస్టర్ వాటికి బొమ్మలు వేసేవాడు. అవి ఆర్థికమాంద్యపు రోజులు. మంచి కాగితం కొనే స్తోమత లేక షూస్టర్ పొట్లాలు కట్టే కాగితం మీద, గోడలకు అంటించే కాగితం వెనకవైపున బొమ్మలు గీసేవాడు. 1932లో సీగెల్ తండ్రి బట్టల దుకాణంలో దొంగలు పడ్డారు. ఆ సమయంలోనే ఆయన గుండె ఆగి మరణించాడు. తుపాకిగుండు తగిలినా చలించని వీరుణ్ణి సీగెల్ ఊహించడానికి ఆ దుఃఖమే కారణమని కొందరంటారు. అది వట్టి ఊహే కావచ్చు.

ఆ వీరుడే సూపర్‌మేన్. వేరే గ్రహం నుండి పసిబిడ్డగా భూమికి చేరి, పెద్దవాడై, కళ్ళద్దాలు పెట్టుకుని పత్రికా విలేకరిగా అణగిమణగి బతుకుతుంటాడు. ఆపద వచ్చినప్పుడే అసలు రూపం చూపుతాడు. మహాబలశాలి మారువేషంలో తలవంచుకుని తిరగడం విరాటపర్వం విన్న తెలుగువారికి కొత్త సంగతి కాదు. అయినా ఈ కథను పత్రికలకు బొమ్మల కథలు అందించే సంస్థలు కొన్నేళ్ళపాటు తిప్పి పంపాయి.

చివరకు ఒక న్యూయార్కు ప్రచురణసంస్థ దానిని తీసుకున్నది. 13 పుటల కథకు పుటకు 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ఇచ్చింది. 1938 మార్చిలో ఇద్దరూ ఒప్పందం మీద సంతకం చేశారు. అప్పటికి వారి వయస్సు 23 సంవత్సరాలు. సూపర్‌మేన్ మీద సర్వహక్కులూ ఇకపై సంస్థకే చెందుతాయని ఆ కాగితంలో ఉన్నది.

'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938 జూన్ నెల పేరుతో వెలువడింది. వెల 10 సెంట్లు. ముఖచిత్రం మీద సూపర్‌మేన్ ఒక కారును రెండు చేతులతో పైకెత్తి ఉంటాడు. అప్పటికి అతనికి ఎగరడం రాదు. మైలులో ఎనిమిదో వంతు దూరం గెంతగలడు, అంతే. ఆ సంచికలో అతడు రాక్షసులతో పోరాడలేదు. భార్యను కొట్టేవాణ్ణి పట్టుకున్నాడు. ఉరిశిక్ష పడిన నిర్దోషిని కాపాడాడు. పనీపాటా దొరకని ఆ రోజుల్లో బీదవారి పక్షాన నిలిచే బలవంతుడు జనానికి నచ్చాడు.

ఆ పుస్తకంతో మొదలైన కాలాన్నే కామిక్ పుస్తకాల స్వర్ణయుగం అంటారు. 1939లో బ్యాట్‌మేన్, 1941లో వండర్ వుమన్ వచ్చారు. వండర్ వుమన్‌ను సృష్టించినవాడు విలియం మార్‌స్టన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త. కెప్టెన్ అమెరికా తొలి సంచిక 1940 డిసెంబరులోనే అంగళ్ళకు వచ్చింది. దాని ముఖచిత్రంలో అతడు హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అమెరికా యుద్ధంలో దిగడానికి ఇంకా ఏడాది ఉన్నది! ఆ బొమ్మకు కారకులైన జో సైమన్, జాక్ కర్బీ కూడా యూదు కుటుంబాల బిడ్డలే. వారి కోపం అర్థం చేసుకోదగినది.

1945లో యుద్ధం ముగిశాక వీరుల కథలకు గిరాకీ తగ్గింది. నేరాల కథలు, భయానక కథలు ముందుకు వచ్చాయి. అవి పిల్లలను చెడగొడుతున్నాయని గొడవ లేచి, 1954లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ ఏడే ప్రచురణకర్తలు తమకు తామే కఠినమైన నియమావళి పెట్టుకున్నారు. 1956లో 'ఫ్లాష్' అనే వీరుడు కొత్త రూపంలో రావడంతో రజతయుగం మొదలయింది.

ఇంత వైభవంలోనూ బొమ్మలు వేసినవారి బతుకులు మాత్రం బాగుపడలేదు. సీగెల్, షూస్టర్ 1947లో హక్కుల కోసం కోర్టుకు వెళ్ళారు. మరుసటి ఏడాది కొంత సొమ్ముతో రాజీపడవలసి వచ్చింది. సూపర్‌మేన్ కథల మీద వారి పేర్లు అచ్చు కావడం ఆగిపోయింది. సీగెల్ లాస్ ఏంజెలెస్‌లో గుమాస్తాగా టైపు కొట్టుకుంటూ బతికాడు. షూస్టర్‌కు చూపు దాదాపు పోయింది. బ్యాట్‌మేన్‌ను తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ 1974లో మరణించాడు. ఆ వీరుడి సృష్టిలో పాలుపంచుకున్నవాడుగా అతని పేరు అధికారికంగా వేయడం 2015లోగాని జరగలేదు.

సూపర్‌మేన్ మీద భారీ చలనచిత్రం రానున్నదని తెలిసి, 1975లో సీగెల్ తన గోడును పత్రికలకు రాసి పంపాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ వంటి చిత్రకారులు వెంట నిలిచారు. ఆ డిసెంబరులో సంస్థ దిగివచ్చి, ఇద్దరికీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున ఇవ్వడానికీ, వారి పేర్లు తిరిగి అచ్చువేయడానికీ ఒప్పుకున్నది. చిత్రం 1978లో వచ్చింది. 1980లో ఎన్.టి.రామారావు కథానాయకుడుగా తెలుగులో కూడా 'సూపర్‌మేన్' అనే చిత్రం వచ్చింది. షూస్టర్ 1992లో, సీగెల్ 1996లో కన్నుమూశారు.

ఆనాటి 130 డాలర్లు కూడా కలిసి ఉన్న 412 డాలర్ల చెక్కును 2012లో వేలం వేయగా 1,60,000 డాలర్లు పలికింది. దాని మీద ఇద్దరి పేర్లూ తప్పుగా రాసి ఉన్నాయి.

ప్రశ్నలు
1. తొలి సంచికలోని సూపర్‌మేన్ ఎవరికి సహాయం చేశాడు?
2. 1938 నాటి ఒప్పందంలో సీగెల్, షూస్టర్ ఏమి కోల్పోయారు? 1975లో ఏమి తిరిగి పొందారు?
3. మీ ఊరిలో బొమ్మలు వేసేవారో, కథలు చెప్పేవారో ఉంటే వారిని కలిసి, వారి పనికి ఎంత ముడుతుందో, పేరు ఎవరికి వస్తుందో తెలుసుకుని పది వాక్యాలు రాయండి.