అడిగిందే అడుగుతుంటే

మా గుంట మగ్గం వాకిలి పక్క గదిలోనే ఉంటుంది. పోచంపల్లి చూడ్డానికి వచ్చినవాళ్లు వినోబా మందిరం చూసి, చెరువు దగ్గర ఫొటోలు దిగి, "చీరలు నేసేది ఎక్కడ చూపిస్తారు?" అని అడిగితే ఎవరో ఒకరు మా గల్లీ వైపు చెయ్యి చూపిస్తారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం లోపు పదకొండు జట్లు వచ్చాయి. పదకొండు జట్లూ అడిగినవి అవే మూడు ప్రశ్నలు. ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది? అంతా చేత్తోనేనా? రేటు తగ్గదా?

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఊరికి పేరొచ్చింది, సంతోషమే. ఆ పేరును రోజూ నోటితో మోసేవాళ్లకు మాత్రం సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. మీసేవ కిటికీ వెనక కూర్చునేవాళ్లు, ఆసుపత్రిలో పేర్లు రాసేవాళ్లు, బట్టల కొట్టు సేల్స్‌మన్లు, కాల్ సెంటర్ పిల్లలు, అడ్మిషన్ల రోజుల్లో కాలేజీ గుమాస్తాలు, వీళ్లందరిదీ ఇదే కష్టం. చెప్పే పని కష్టమైనదేం కాదు. చెప్పిందే చెప్పడం కష్టం.

ఈ పనిని అందరికంటే ఎక్కువగా చేసేవాళ్లు సినిమా నటులు. పారితోషికం ఎక్కువ కాబట్టి వాళ్ల మీద జాలిపడనక్కర్లేదు, పనితనం మాత్రం నేర్చుకోవచ్చు. సినిమా విడుదలకు ముందు వారం వాళ్లను ఓ గదిలో కూర్చోబెడతారు. వెనక పోస్టరు, ముందు ఓ కుర్చీ. ఒక ఛానల్ వాళ్లు లేస్తే ఇంకో ఛానల్ వాళ్లు కూర్చుంటారు. మైకు మీద లోగో మారుతుంది, ప్రశ్న మారదు. ఈ కథ ఎందుకు ఒప్పుకున్నారు? డైరెక్టర్ గారితో పని ఎలా ఉంది? సెట్లో మరిచిపోలేని సంఘటన చెప్పండి. ఈసారి యూట్యూబ్‌లో గమనించండి, చాలా ఇంటర్వ్యూల్లో హీరో ఒంటి మీద ఒకటే చొక్కా ఉంటుంది. అంటే అవన్నీ ఒక్క రోజులో అయిపోయినవే. హాలీవుడ్‌లో దీన్ని ప్రెస్ జంకెట్ అంటారు. అక్కడ ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలిచ్చి పంపేస్తారు. 1999లో వచ్చిన 'నాటింగ్ హిల్' సినిమాలో దీని మీద మంచి హాస్యం ఉంది. హీరోయిన్‌ను కలవడానికి వెళ్లిన పుస్తకాల కొట్టు ఆసామిని విలేకరి అనుకుని లోపలికి పంపిస్తే, ఆయన గుర్రాల పత్రిక నుంచి వచ్చానని చెప్పుకుని, గుర్రాలే లేని సినిమా గురించి గుర్రాల ప్రశ్నలు అడుగుతాడు. నవ్వొస్తుంది గానీ, నిజం విలేకరుల ప్రశ్నలు దానికంటే గొప్పగా ఏమీ ఉండవు.

మన దగ్గర ఈ పనికి కొలమానం కావాలంటే 'ఆర్ఆర్ఆర్' చూడాలి. 2022 జనవరి 7న విడుదల అన్నారు. 2021 డిసెంబరులో రాజమౌళి, ఎన్టీఆర్, రామ్‌చరణ్ ముంబయి, చెన్నై, కేరళ తిరిగి చెప్పాల్సిందంతా చెప్పేశారు. జనవరి 1న కరోనా కారణంగా వాయిదా ప్రకటించారు. కొత్త తేదీ మార్చి 25. మార్చిలో మళ్లీ మొదటి నుంచి అన్ని ఊళ్లూ, అన్ని మైకులూ, ఆ ప్రశ్నలే. ఆ తర్వాత అమెరికా, జపాన్, 2023 మార్చిలో ఆస్కార్ దాకా అదే సినిమా గురించి మాట్లాడుతూనే ఉన్నారు. పదిహేను నెలలన్నమాట. పదిహేను నెలలు ఒక్క చీర గురించే మాట్లాడమంటే నేను మగ్గం అమ్ముకుని పోయేవాణ్ని.

అంతకంటే మాకు దగ్గరి సినిమా 'మల్లేశం'. 2019 జూన్ 21న వచ్చింది. రాజ్ రాచకొండ తీశారు, ప్రియదర్శి హీరో. 'పెళ్లిచూపులు'తో నవ్వించే నటుడిగా పేరు తెచ్చుకున్నాయన అందులో మా నేతన్న చింతకింది మల్లేశం అయ్యాడు. ఆ సినిమా గురించి ఎవరు నోరు తెరవాలన్నా మొదటి చిక్కు ఆసు. హైదరాబాద్ స్టూడియోలో కూర్చున్న యాంకర్‌కు ఆసు అంటే తెలియదు. అది తెలియకపోతే కథ లేదు. చీరకు పేక నూలును ముందే డిజైను లెక్క ప్రకారం ఒక మేకు నుంచి అర్ధచంద్రంలా ఉన్న వరస మేకుల మీదికి ఒక్కో పోగు చొప్పున చుట్టాలి. చెయ్యి దాదాపు మీటరు దూరం పోయి రావాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. ఆ పని మా ఇళ్లలో ఆడవాళ్లదే. భుజం పోయేది వాళ్లకే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం ఓ ఎండాకాలం సాయంత్రం వీడియో తీసే కుర్రాడొకడు వచ్చాడు. అప్పటికే పొద్దుటి నుంచి ఆసు గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. "తొమ్మిది వేలు" అన్న మాట నా నోటికే రుచి లేకుండా పోయింది. "ఒక్క చీరకు ముప్పై వేల సార్లు చెయ్యి తిప్పాలి తమ్ముడూ" అనేశాను. ఆ కుర్రాడి కళ్లు ఇంతయ్యాయి. నాకు హుషారొచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. పోయినేడు బడి పిల్లలు బస్సులో వస్తే వాళ్లలో ఓ పిల్ల ఆ లెక్కే నాకు తిరిగి అప్పజెప్పి, "ఆసు పోయడానికి నాలుగు గంటలు అన్నారు కదా అంకుల్, ముప్పై వేలంటే సెకనుకు రెండుసార్లు. అమ్మమ్మలు అంత జోరుగా ఎట్ల తిప్పుతారు?" అంది. టీచరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. తొమ్మిది వేలంటే రెండు సెకన్లకు ఒకసారికి కాస్త ముందు, నాలుగైదు గంటలు ఆపకుండా. ఆ మాటే సరిగ్గా చెప్పి ఉంటే చాలినంత ఆశ్చర్యం దాంట్లోనే ఉంది. విసుగొచ్చినప్పుడు మాటకు ఉప్పూ కారం కలపబుద్ధవుతుంది. అక్కడే నాలుక కరుచుకోండి. విసుగు మనది, వినేవాళ్లది కాదు. వాళ్లకది మొదటిసారి.

మరి విసుగు రాకుండా ఏం చెయ్యాలి? దీనికి జవాబు నాకు మగ్గం దగ్గరే దొరికింది. చూసేవాళ్లు అనుకుంటారు, డిజైను నేసేటప్పుడు పుడుతుందని. కాదు. మా చిటికి చీరకు, అంటే ఇక్కత్ చీరకు, డిజైను నూలు మీదే ముందు పడుతుంది. సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచి తీస్తే ఏనుగో, చిలకో, తమలపాకో నూలులోనే దాగి ఉంటుంది. అయితే నేసేవాడు కళ్లు మూసుకుని నాడె ఆడించవచ్చా? ఆడిస్తే ఏనుగు తొండం ఒక దిక్కు, కాలు ఒక దిక్కు పోతాయి. పోగు వేసిన ప్రతిసారీ అంచు దగ్గర కాస్త ఇటో అటో లాగి, కింది గీతతో కలిపి, అప్పుడు పలక కొడతాడు. జవాబు కూడా అంతే. రంగు ముందే అద్ది పెట్టుకోవాలి. అడిగిన మనిషిని చూసి, ప్రతిసారీ కలిపి వెయ్యాలి.

రంగు అద్దడమంటే బట్టీ పట్టడం కాదు. బట్టీ పట్టిన జవాబు మూడో రోజుకే వాసన వస్తుంది. నేను చేసిందేమిటంటే, ఒక వారం పాటు వచ్చిన ప్రశ్నలన్నీ పాత క్యాలెండరు వెనక రాశాను. రాసేముందు వంద ఉంటాయనుకున్నాను. తొమ్మిది తేలాయి. మీరూ రాసి చూడండి, మీ కౌంటర్ దగ్గర కూడా పది దాటవు. ఒక్కో ప్రశ్నకు ఒక అంకె, చేత్తో చూపించగల ఒక వస్తువు పెట్టుకున్నాను. మాటలు ఎప్పటికప్పుడు వస్తాయి. అంతా చేత్తోనేనా అంటే ట్యూబు ముక్కతో కట్టిన నూలు చిలప వాళ్ల చేతికే ఇస్తాను, ఒక్క కట్టు విప్పమంటాను. గోరుకు రంగు అంటుకున్నాక ఆ ప్రశ్న ఇక అడగరు. బ్యాంకులో పనిచేసే మా మేనల్లుడు ఇదే పద్ధతిలో ముందే నింపిన ఫారం ఒకటి అద్దం కింద పెట్టుకున్నాడు. "ఇక్కడేం రాయాలి సార్" అంటే వేలు పెట్టి చూపించడమే.

కలిపి వెయ్యడమంటే, జవాబుకు ముందు మనం ఒకటి అడగడం. "ఎక్కడి నుంచి వచ్చిన్రు? మీ ఇంట్లో నేత చీర ఎవరి దగ్గరన్నా ఉందా?" దీంతో పని సగమవుతుంది. సిరిసిల్ల నుంచి వచ్చినాయనకు పడుగు, పేక వివరించనక్కర్లేదు. ఫ్యాషన్ కాలేజీ పిల్లలకు రంగుల గురించి చెప్పాలి. కొనడానికి వచ్చిన ఆవిడకు చరిత్ర వద్దు, చీర విప్పి రెండు పక్కలా డిజైను చూపిస్తే చాలు. మంచి నటులు కూడా ఇదే చేస్తారు. అడిగినవాణ్ని పేరు పెట్టి పిలుస్తారు, అడిగిన ప్రశ్నలోంచే ఒక మాట పట్టుకుని మొదలుపెడతారు. జవాబు పాతదే, మొదటి పోగు కొత్తది.

చెప్పకూడనివి కూడా ముందే తేల్చుకోవాలి. నెలకెంత మిగులుతుంది, అప్పులెన్ని, మీ పిల్లలు ఈ పని చేస్తారా అని ముక్కూ మొహం తెలియనివాళ్లు కెమెరా ఆన్ చేసి అడుగుతారు. 2015లో 'అవెంజర్స్' రెండో సినిమా ప్రచారంలో ఉన్న రాబర్ట్ డౌనీ జూనియర్‌ను బ్రిటన్ ఛానల్ 4 విలేకరి ఆయన పాత జీవితం గురించి తవ్వబోతే, ఆయన మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. సినిమా సంగతి పక్కకు పోయి ఆ వెళ్లిపోవడమే ప్రపంచమంతా చూసింది. మనబోటి వాళ్లం లేచి పోలేం, మగ్గం గుంటలో కాళ్లుంటాయి. మన సినిమావాళ్ల మాటొకటి ఉంది చూడండి: "అది డైరెక్టర్ గారు చెబితేనే బాగుంటుంది." ఎంత మర్యాదగా తలుపు వేస్తుందో! మా ఇంట్లో దాన్ని "డబ్బు లెక్కలు మా అమ్మకే తెలుసు, ఆమె ఇప్పుడు చెప్పదు"గా మార్చుకున్నాం. మీ ఆఫీసులో ఏ ప్రశ్న ఎవరి దగ్గరికి పంపాలో పైవాళ్లనడిగి ఇప్పుడే రాయించుకోండి. గొడవైన రోజు అడిగితే ఎవరూ చెప్పరు.

అసలు సంగతి, నేనైతే ముందే పట్టించుకోవాల్సింది, టైము. నేతగాడికి చీర లెక్కన కూలి, గంట లెక్కన కాదు. ఒక జట్టుకు ఇరవై నిమిషాలు చూపిస్తే ఆ ఇరవై నిమిషాలు మగ్గం ఆగినట్టే. పదకొండు జట్లంటే మూడు గంటల నలభై నిమిషాలు. దానికి ఎవరు కడతారు? నటులకు షూటింగ్‌తో పాటు ప్రచారం రోజులు కూడా ముందే మాట్లాడుకునే వీలుంది. నయనతార చాలా ఏళ్లు ప్రచారానికే రానని తేల్చి చెప్పేశారు. సినిమాలు ఆగలేదు. అంత పలుకుబడి మనకు లేకపోయినా అడిగే హక్కుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు "వచ్చినవాళ్లకు చెప్పే పని నాదేనా, ఎన్ని గంటలు, ఆ గంటల్లో నా మిగతా పని ఎవరు చూస్తారు" అని అడగండి. చేరిపోయి ఉంటే ఒక వారం లెక్క రాసి చూపించండి. విసుగొస్తోందంటే ఎవరూ వినరు, మూడు గంటల నలభై నిమిషాలంటే వింటారు. మేం మా వీధిలో నలుగురం మాట్లాడుకుని వంతులు వేసుకున్నాం. శనివారం ఒకరింట్లో, ఆదివారం ఒకరింట్లో చూపిస్తాం. చూపించినందుకు ఇంత అని డబ్బా పెట్టాం. మొదట సిగ్గనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు.

వంతులు వేసుకున్నాకే ఇంకో సంగతి బయటపడింది. అన్నాళ్లూ మాట్లాడింది మేమే, మగవాళ్లం. ఆసు పోసింది అమ్మ, కట్లు కట్టింది నా భార్య. కెమెరా మాత్రం నాడె ఆడించే నా చేతి మీదే. ఓ శనివారం నాకు గొంతు పోతే అమ్మను కూర్చోబెట్టాను. ఆమె ఒక్క మాట వివరించలేదు. ఆసు ముందు కూర్చుని పోస్తూ పోయింది. వచ్చినావిడ కాసేపు చూసి, "నొప్పి పుట్టదా అమ్మా?" అంది. అమ్మ చెయ్యి ఆపకుండానే "లెక్క మరుస్త, మాట్లాడకు బిడ్డా" అంది. ఆవిడ కింద కూర్చుని అరగంట చూసి పోయింది. నేను ఇన్నేళ్లు చెప్పిన దాంట్లో ఎవరూ అంతసేపు కూర్చోలేదు. మీ దగ్గర కూడా ఏదైనా పని మీకంటే బాగా తెలిసిన మనిషి వెనక గదిలో ఉంటే, వారానికోసారైనా ముందుకు పిలవండి. మీకూ విశ్రాంతి.

గొంతు సంగతి కూడా చెప్పి ఆపుతాను. చల్లటి నీళ్లు మానేయండి, గోరువెచ్చనివి పక్కన పెట్టుకోండి. రద్దీలో గొంతు పెంచే బదులు వాళ్లనే దగ్గరికి రమ్మనండి. పని అయ్యాక ఇంట్లోవాళ్లతో ఒక గంట మాట్లాడనని ముందే చెప్పండి, లేకపోతే అలిగారనుకుంటారు.

మా వాకిలికి బోర్డు కట్టాం: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మగ్గం చూపబడదు. మొన్న ఒకాయన ఒంటి గంట యాభైకి వచ్చి ఆ బోర్డును వీడియో తీసుకున్నాడు. తర్వాత ఫోను నా వైపు తిప్పి, "ఇది ఎందుకు పెట్టారో కొంచెం చెప్తారా అన్నా?" అన్నాడు.