కార్డులు గీకే ముందు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. మొన్నటి ఆడిషన్‌లోనూ "కాస్త ఇండియన్ యాస పెట్టు" అన్నారన్నమాట. న్యూజెర్సీలో పుట్టి పెరిగినదానివి, ఆ యాస నీకెక్కణ్ణించి వస్తుంది! విసిగిపోయి, నటుడు రాబర్ట్ టౌన్సెండ్‌లా క్రెడిట్ కార్డుల మీద సొంత సినిమా తీస్తానంటున్నావు. తియ్యి, వద్దనను. కాకపోతే ఆయన గురించి అందరూ చెప్పుకునేది ఆ కార్డుల సంగతే. తక్కినదీ తెలుసుకో.

టౌన్సెండ్ చికాగో మనిషి. 1984లో 'ఎ సోల్జర్స్ స్టోరీ' లాంటి మంచి సినిమాలో నటించాక కూడా, నల్లజాతి కుర్రాడని పిలిచి ఇవ్వజూపేవి దొంగలూ రౌడీల వేషాలే. ఆ అవమానాన్నే కథగా మలిచాడు. కీనెన్ ఐవరీ వేయన్స్‌తో కలిసి రాసి, తనే దర్శకుడూ హీరోగా తీసిన 'హాలీవుడ్ షఫుల్' 1987లో వచ్చింది. అందులో ఒక నటనశాల ఉంటుంది. నల్లజాతి నటులకు నల్లవాళ్ళలా ఎలా నటించాలో అక్కడ తెల్ల మాస్టర్లు నేర్పుతుంటారు! కడుపు పట్టుకుని నవ్వాను. నువ్వు పంపిన స్క్రిప్టులో మూడో సీను మాత్రం ఉపన్యాసంలా ఉంది. నీ కోపం నాకు తెలుసు గానీ, టిక్కెట్టు కొన్నవాళ్ళకి ముందు నవ్వు రావాలి.

ఇక డబ్బు. సినిమాకి సుమారు లక్ష డాలర్లయ్యాయి. అందులో 60 వేల దాకా ఆయన నటించి కూడబెట్టుకున్నదే. అవి అయిపోయాకే కార్డులు. పెద్ద సినిమాలు వాడగా మిగిలిన ఫిల్మ్ ముక్కలు తెచ్చుకున్నాడు. జీతాలివ్వలేక నటుల కార్లలో గ్యాస్ కొట్టించాడు, ఆ బిల్లూ కార్డు మీదే. చేతిలో డబ్బు ఆడినప్పుడు నాలుగు సీన్లు, లేనప్పుడు ఆగడం. అలా షూటింగ్ రెండేళ్ళ పైన సాగింది. శామ్యూల్ గోల్డ్‌విన్ కంపెనీ విడుదలకు తీసుకుంది గనక గట్టెక్కాడు. థియేటర్లలో 50 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఎవరూ కొనకపోయుంటే అప్పులే మిగిలేవి, ఈ కథ మనదాకా వచ్చేదీ కాదు. కార్డు వడ్డీ తక్కువేం కాదని కూడా గుర్తుపెట్టుకో.

ఆ తర్వాతా అంతా పూలబాట కాదు. 1991లో వచ్చిన ఆయన సినిమా 'ది ఫైవ్ హార్ట్‌బీట్స్' థియేటర్లలో అంతగా ఆడలేదు. వీడియోల్లో, టీవీలో చూసి చూసి నల్లజాతి కుటుంబాలు నెత్తిన పెట్టుకున్నాయి. ఆయన వేషాలు వెయ్యడం మాత్రం మానలేదు. నీకిష్టమైన 'ది బేర్' సీరియల్‌లో సిడ్నీ నాన్న ఆయనే!

అందుకని ఉద్యోగం ఇప్పుడే వదలకు. యాస వేషాలు నచ్చకపోతే మానెయ్, అది నీ ఇష్టం. చిన్న వేషమైనా సెట్టు మీదికి వెళ్ళినప్పుడు కెమెరామన్‌తో, ఎడిటర్‌తో స్నేహం చేసుకో. మూడో సీను మళ్ళీ రాసి పంపు. వంటింటి సీన్లు మా ఇంట్లోనే తీసుకోవచ్చు గానీ, శనివారాలే సుమా. మిగతా రోజులు నాకు డ్యూటీ, బాబాయికి నిద్ర.

నీ పిన్ని